మీరట్ ట్రంపెట్, కడప ఎండ: వాడి చూసి చెబుతున్న మాట

మీరట్‌లో తయారైన ఈ బి-ఫ్లాట్ ట్రంపెట్‌ను చాలా ఏళ్లుగా కడప చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపుల్లో వాయిస్తున్నాను. నాదం నిండుగా ఉంటుంది, వేళ్లతో నొక్కే వాల్వులు ఇప్పటికీ చురుగ్గా లేస్తాయి. కొనాలనుకునేవారు అడిగేది మాత్రం ఒక్కటే: ఎండాకాలంలో శ్రుతి నిలుస్తుందా?

నిలవదు. ఏ ట్రంపెట్టుకూ నిలవదు. ఇత్తడి సాగడం వల్లే శ్రుతి పెరుగుతుందని మేళాల్లో కొందరు అంటారు. గొట్టం సాగితే శ్రుతి తగ్గాలి కదా! పైగా ఆ సాగుదల చెవికి అందనంత స్వల్పం. అసలు కారణం లోపలి గాలి. అది ఒక డిగ్రీ వేడెక్కితే ధ్వని వేగం సెకనుకు దాదాపు 0.6 మీటర్లు పెరుగుతుంది, శ్రుతి సుమారు 3 సెంట్లు పైకి జరుగుతుంది. అర స్వరానికి 100 సెంట్లు. ఊరేగింపులో క్లారినెట్ కూడా మనతోపాటే పెరుగుతుంది కాబట్టి తేడా అంతగా తెలియదు. మండపంలో కీబోర్డు పక్కన నిలబడితే తెలుస్తుంది.

అప్పుడు ప్రధాన స్లైడు, అంటే గొట్టంలో జారే వంపు భాగం, బయటికి లాగుతాం; గొట్టం పొడవై శ్రుతి దిగుతుంది. అంతటితో పని తీరదు. 1, 3 వాల్వులు కలిపి నొక్కితే స్వరం మామూలుగానే హెచ్చుగా పలుకుతుంది. మొదటి వాల్వు గొట్టం పొడవును 12.2 శాతం, మూడోది 18.9 శాతం పెంచుతాయి. రెండూ కలిపితే 31.1. ఆ స్వరం సరిగ్గా పలకడానికి కావలసింది 33.5. సుమారు 148 సెంటీమీటర్ల గొట్టంలో ఆ లోటు మూడున్నర సెంటీమీటర్లు. మూడో వాల్వు స్లైడును దాని మీది ఉంగరంలో వేలు పెట్టి పావుతక్కువ రెండు సెంటీమీటర్లు తోస్తే చాలు, దానికి రెండు కాళ్లు కాబట్టి పొడవు రెట్టింపు కలుస్తుంది. ప్రధాన స్లైడు లాగినకొద్దీ ఈ లోటు ఇంకా పెరుగుతుంది. అందుకే వేసవిలో ఆ ఉంగరానికి ఊపిరి సలపదు.

నా ట్రంపెట్టులో పెద్ద లోపం అక్కడే ఉండేది. కొన్నప్పుడు ఆ స్లైడు వేలికి కదిలేదే కాదు. మరమ్మతుకు ఇస్తే కాళ్లు రెండూ సమాంతరంగా సరిచేసి, సన్నని పేస్టుతో రుద్ది ఇచ్చారు. ఇప్పుడు వేలి కొసతో జారుతుంది. ఈ ఒక్క పనితో వాద్యం విలువే మారిపోయింది.

వాల్వులేవీ నొక్కకుండా పలికే అంతర గాంధారం కీబోర్డు కంటే సుమారు 14 సెంట్లు తక్కువగా వస్తుంది. దాన్ని లోపమని నేను అనను. అది గొట్టంలో మూల స్వరంపై వరుసగా సహజంగా పుట్టే స్వరాంశాల్లో అయిదోది. తంబూర శ్రుతి పక్కన ఎంత హాయిగా ఒదుగుతుందో! కీబోర్డుతో వాయించేటప్పుడు మాత్రం పెదవితో కొద్దిగా ఎత్తాలి.

కొనేముందు దుకాణంలోనే మూడో వాల్వు నొక్కి పట్టి, ఉంగరాన్ని ఒక్క వేలితో తోసి చూడండి. మెరుగుపూత సంగతి తరువాత. నీరు వదిలే మీట కింది బిరడా కూడా చూడండి, అది అరిగితే గాలి కారి స్వరాలు వణుకుతాయి.