కొరాపుట్ కొండలకు ఏ బండి మేలు?

దేవ్‌మాలి కొండ ఎక్కడానికి ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజిను బలం అందే) బండి అక్కర్లేదు. విశాఖ, విజయనగరం నుంచి శీతకాలంలో వచ్చే పెద్ద బండ్ల వరుస చూసి, అలాంటిది లేకపోతే కొరాపుట్ జిల్లా తిరగలేమని చాలామంది అనుకుంటున్నారు. 1,672 మీటర్ల ఆ శిఖరం ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయినదే. అయినా దాదాపు పైదాకా రోడ్డుంది. ఆల్టోలు ఎక్కుతున్నాయి, ముగ్గురేసి కూర్చున్న మోటారు సైకిళ్లూ ఎక్కుతున్నాయి. ఫోర్ వీల్ డ్రైవ్ పనికొస్తున్నదల్లా పైకి చేరాక రోడ్డు దిగి, పచ్చిక మీద చక్రాలు తిప్పి ఫొటోలు దిగేవాళ్లకే. ఆ పచ్చిక కింద ఉన్నది పలుచని మట్టి. ఇవాళ పడిన టైరు చాళ్లు వానాకాలానికి కాలువలవుతాయి. అది పశువులు మేసే చోటు. అక్కడ బురద ఎగజిమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మాది కొరాపుట్ జిల్లాలోని జయపురం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన విక్రమదేవ వర్మ ఈ ఊరి రాజే. ఇప్పటికీ బజారులో చాలా బేరాలు తెలుగులోనే సాగుతాయి. బండ్ల మెకానిక్కుల్లోనూ మనవాళ్లు కనిపిస్తారు. బండి ఎంపికలో అది చిన్న విషయం కాదు.

సెలవు దొరికితే కొండల్లోకి పోయే అలవాటు నాకుంది. ఇంట్లో ఉన్నది చిన్న హ్యాచ్‌బ్యాక్. తారు రోడ్డు ఉన్నంత మేర దానికి తిరుగు లేదు. అది దాటితే కింద రాయి తగిలిన చప్పుడుకు గుండె జారుతుంది. కొత్త బండి ఇరుకు దారిలో పట్టాలి, తక్కువ తాగాలి, నిజమైన లో రేంజ్ గేరు (చక్రాలను నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిప్పేది) ఉండాలి, చెడితే జయపురంలోనే బాగవ్వాలి. కొనేముందు తెలిసినవాళ్ల బండ్లు అడిగి తీసుకుని, వాళ్లనూ వెంటబెట్టుకుని తిరిగాను. బావ దగ్గర మహీంద్రా థార్ డీజిల్ ఉంది. సునాబెడాలో ఉద్యోగం చేస్తున్న మిత్రుడు మారుతి జిమ్నీ కొన్నాడు. కాంట్రాక్టు పనులు చేసే ఒక పెద్దాయన పాత మారుతి జిప్సీని ఇంకా వదల్లేదు. ఊళ్లో ఒక సెకండ్ హ్యాండ్ రెనో డస్టర్ ఫోర్ వీల్ డ్రైవ్ అమ్మకానికి ఉంటే దాన్నీ నడిపి చూశాను.

అసలు పరీక్ష పొట్టంగి లోపలి దారిలో జరిగింది. సిమెంటు రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి కొండ వాలు మీద ఎర్రమట్టి బాట దిగుతుంది. కింద జోలా భూమి. వాగు పారే పల్లాన్ని మెట్లుగా మలిచి వరి వేసే పొలాన్ని ఇక్కడ అలా అంటారు. దాన్ని దాటి అవతలి వాలు ఎక్కాలి. ఈ ఎర్రమట్టి ఎండాకాలంలో ఇటుకలా గట్టిగా ఉంటుంది, ఒక్క వాన పడితే జారుడుబండే. మామూలు రోడ్డు టైర్ల గాడులు బురదతో పూడిపోయి నున్నగా అయిపోతాయి. ఆ తర్వాత నాలుగు చక్రాలూ తిరిగినా పట్టు దొరకదు. అందుకే నా లెక్కలో ఇంజిను శక్తి కంటే ముందు వచ్చేది టైరు, దాని తర్వాత బండి బరువు.

డస్టర్ నన్ను ఆశ్చర్యపరిచింది. 1.5 లీటర్ల డీజిల్, 110 హార్స్‌పవర్, కంపెనీ లెక్క ప్రకారం లీటరుకు 19 కిలోమీటర్లకు పైనే. గతుకుల మీద దానంత సుఖంగా పోయే బండి మిగతా మూడింటిలో ఏదీ లేదు. వెనక చక్రాలకు శక్తి పంపే క్లచ్‌ను మీట తిప్పి లాక్ చేయవచ్చు. మొదటి గేరు కూడా పొట్టిదే. కానీ లో రేంజ్ లేదు. దిగేటప్పుడు ఎంత నెమ్మదిగా పోవాలన్నా బ్రేకు తొక్కాల్సిందే, ఎక్కేటప్పుడు రాళ్ల మధ్య క్లచ్ సగం తొక్కి నిలపాల్సిందే. అవతలి వాలు సగం ఎక్కేసరికి క్లచ్ వాసన వచ్చింది. పైగా 2020లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు ఆ డీజిల్ ఆగిపోయింది. విడిభాగం కోసం విశాఖకు ఫోను చేసి ఎదురుచూడాలి. మారుతి గ్రాండ్ విటారాలో ఫోర్ వీల్ డ్రైవ్ రకం గురించి కూడా ఆలోచించాను. కంపెనీ అప్పట్లో చెప్పిన మైలేజి 19.38, రోజువారీ వాడకానికి మేలైన బండి. అందులోనూ లో రేంజ్ లేదు కాబట్టి అక్కడితో వదిలేశాను.

లో రేంజ్ గురించి ఒక మాట. అది వేస్తే చక్రాలు దాదాపు సగం వేగంతో, రెట్టింపు బలంతో తిరుగుతాయి. అందరూ అది ఎక్కడానికి అనుకుంటారు, నాకు దాని విలువ దిగేటప్పుడు తెలిసింది. మొదటి గేరులో పెట్టి కాళ్లు రెండూ తీసేస్తే బండి మనిషి నడకతో దిగుతుంది. తడి మట్టి మీద బ్రేకు తొక్కితే చక్రం బిగిసి జారుతుంది. ఇంజిను పట్టి ఉంచితే అంత తేలిగ్గా జారదు. ఇంకొకటి: థార్, జిమ్నీ, జిప్సీలలో ముందు వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ (రెండూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే ఏర్పాటు) ఉండదు. ఫోర్ హైలో (లో రేంజ్ లేకుండా నాలుగు చక్రాలకూ బలం పంపే స్థితిలో) పెట్టి పొడి సిమెంటు రోడ్డు మీద మలుపులు తిప్పితే స్టీరింగు బిగుస్తుంది, బండి గెంతుతుంది. దేవ్‌మాలి రోడ్డు మీద ఎవరో అలాగే ఎక్కి, బండిలో లోపముందని షోరూమును తిడుతుంటే విన్నాను.

బావ థార్ ఆ వాలును లెక్కే చేయలేదు. డీజిల్ బలం అలాంటిది. కింద 226 మిల్లీమీటర్ల ఖాళీ, 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో దిగవచ్చని కంపెనీ మాట. కానీ వెడల్పు 1,820 మిల్లీమీటర్లు. ఊరి మధ్య గోడకూ గోడకూ మధ్య దారిలో అద్దాలు మడిచి, నేను ముందు నడిచి చేతులు ఊపాల్సి వచ్చింది. 1,700 కిలోలు దాటిన బరువుతో జోలా గట్టు మెత్తని చోట ముందు చక్రం కూరుకుపోయింది. అదే చోట సుమారు 1,200 కిలోల జిమ్నీ పైపైన దాటింది. పొడవు రెండింటికీ ఒకటే, 3,985 మిల్లీమీటర్లు. వెడల్పులో మాత్రం జిమ్నీ 1,645 దగ్గర ఆగుతుంది. ఆ జానెడు తేడాయే ఆ ఊళ్లో చాలింది. "బావా, నీ బండికి ముందు ఊరు కట్టాలి, తర్వాత దారి వేయాలి" అంటే ఆయన నవ్వలేదు.

జిప్సీ గురించి రాయకపోతే పెద్దాయన ఊరుకోరు. 1985లో వచ్చిన బండి, ఈమధ్యదాకా సైన్యాన్ని మోసింది, ఇప్పుడు కొత్తది దొరకదు. తేలిక, ఇరుకు, సుత్తితోనైనా బాగు చేసుకోవచ్చు. పట్టీల స్ప్రింగుల మీద నడుము విరుగుతుంది, తాగుడు ఎక్కువ, ఏసీ లేదు. కొండ మీద ఒక పూటకు బాగుంటుంది. సాలూరు ఘాట్ మీదుగా విజయనగరం పోయిరమ్మంటే నావల్ల కాదు.

ఇక చోట్ల సంగతి. గుప్తేశ్వరం జయపురం నుంచి సుమారు 60 కిలోమీటర్లు. బోయిపరిగూడ, రామగిరి దాటాక సాల చెట్ల అడవి మొదలవుతుంది. శబరి నది ఒడ్డున సున్నపురాతి గుహలో శివలింగం, సంపెంగ చెట్ల మధ్య మెట్లు, నది అవతల ఛత్తీస్‌గఢ్. రోడ్డు బాగానే ఉంది, హ్యాచ్‌బ్యాక్ చాలు. శివరాత్రికి పోతే జనం తప్ప ఏమీ కనిపించదు. అటవీశాఖ వసతిలో గది దొరికితే ఊళ్లో హోటలు కంటే అదే మేలు. రాత్రి నది చప్పుడు, పొద్దున పిట్టలు. భోజనం సాదా అన్నం, పప్పు, కూర. ముందుగా చెప్పకపోతే అదీ ఉండదు. ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

డుడుమా దారి లమతాపుట్ మీదుగా పోతుంది. మాచ్‌ఖండ్ నది 175 మీటర్ల ఎత్తు నుంచి దూకే చోటు. వానలు వెనకబట్టాక, అక్టోబరులో పోవాలి. వేసవిలో వెళ్లినవాళ్లు సన్నని దార చూసి తిట్టుకుంటూ వస్తారు. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. అందుకే క్వార్టర్ల దగ్గర టీ కొట్టులో తెలుగు మాట గట్టిగా వినిపిస్తుంది. గురువారం ఒనుకుదిల్లి సంతకు బోండా, గదబ తెగల ఆడవాళ్లు కొండ దిగి వస్తారు. వాళ్ల మొహం మీద కెమెరా పెట్టేవాళ్లను చూశాక, ఆ రోజు నేను ఫోను జేబులోంచి తీయడం మానేశాను. కూరగాయలు కొనండి, బేరమాడకండి. అక్కడ రాత్రి బసకు మాచ్‌ఖండ్‌లో తెలిసినవాళ్లు ఉండాలి. లేకపోతే చీకటి పడకముందే జయపురం తిరిగి రావాలి.

దేవ్‌మాలి వైపు బసలు రెండు రకాలు. పుట్సిల్‌లో పర్యాటక శాఖ శీతకాలంలో వేయించే గుడారాలు హంగుగా ఉంటాయి, ధర కూడా హంగుగానే ఉంటుంది. మాలాంటివాళ్లకు సెమిలిగుడ, సునాబెడా లాడ్జీలు చాలు. ఒకచోట మాత్రం వేడినీళ్లు ఉన్నాయని డబ్బు ముందే తీసుకుని, డిసెంబరు పొద్దున బకెట్టు చల్లనీళ్లు ఇచ్చారు. గీజరు పని చేయడం కళ్లతో చూశాకే డబ్బు కట్టండి. శుక్రవారమైతే కుందులి సంత చూసుకుని పైకి వెళ్లవచ్చు. దారిలో జనం, మేకలు, జీపులు. తొందర ఉన్నవాళ్లు ఆ రోజు అటు రాకూడదు.

మల్కన్‌గిరి జిల్లా చిత్రకొండ దాకా కూడా వెళ్లాం. బలిమెల జలాశయం వెనక చిక్కుకున్న ఊళ్లను కలుపుతూ 2018లో తెరిచిన 910 మీటర్ల గురుప్రియ వంతెన చూడదగ్గది. ఒకప్పుడు లాంచీ తప్ప దిక్కులేని చోటు అది. అక్కడి దారికీ ఫోర్ వీల్ డ్రైవ్ పని పడలేదు. పడింది పెట్రోలు లెక్క. జిమ్నీ ట్యాంకు 40 లీటర్లు, కంపెనీ మైలేజి మాన్యువల్‌కు 16.94. ఘాట్ల మీద మాకు పన్నెండు పదమూడు వచ్చింది. లో రేంజ్‌లో పాకించిన పూట ఎనిమిది తొమ్మిదికి పడిపోయింది. థార్ ఘాట్లలో పదకొండు చుట్టూ ఆడింది కానీ, 57 లీటర్ల ట్యాంకు వల్ల బంకు వెతుకులాట తక్కువ. కొండల్లోకి మళ్లేముందు జయపురంలోనో సెమిలిగుడలోనో ట్యాంకు నింపాలి. సీసాల్లో అమ్మే పెట్రోలును నమ్మి ముందుకు పోకూడదు.

చివరికి జిమ్నీయే తీసుకుంటున్నాను, మాన్యువల్. 2023 జూన్‌లో వచ్చినప్పుడు మొదలు ధర 12.74 లక్షలు, ఆ బండికి ఎక్కువేనని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజినుకు 134 న్యూటన్ మీటర్లే టార్క్. నలుగురూ సామానూ ఉంటే సాలూరు ఘాట్‌లో రెండో గేరు వదలదు. హైవే మీద ఐదు గేర్లే కావడంతో మోత. వెనక ఇద్దరికే చోటు, డిక్కీ 208 లీటర్లు. అయినా 210 మిల్లీమీటర్ల ఖాళీ, ముందూ వెనకా రెండు చక్రాలనూ ఒకే కడ్డీలా కలిపే గట్టి ఇరుసులు, ఒక చక్రం గాలిలో తిరిగితే దాన్ని బ్రేకుతో ఆపి మరో చక్రానికి బలం పంపే ఏర్పాటు, ఇవన్నీ ఇంత తేలిక బండిలో ఇంకెక్కడా లేవు. మామూలు కార్లు బాగుచేసే జయపురం మెకానిక్కు కూడా ఆ ఇంజినును చూసి బెదరడు. కంపెనీ టైర్లు మాత్రం వెంటనే మార్చి, బురదకూ రోడ్డుకూ పనికొచ్చే గాడులవి వేయిస్తాను. గాలి నింపే చిన్న పంపు, లాగే తాడు, పార ఎప్పుడూ బండిలో ఉంటాయి.

ఏడాదిలో రెండుసార్లు దేవ్‌మాలి చూసి వచ్చేవాళ్లు నా మాట విని దీన్ని కొనవద్దు. ఆ డబ్బుకు మెత్తని కారు కొనుక్కుని, లోపలి ఊరికి పోవాల్సిన రోజున సెమిలిగుడలో జీపు మాట్లాడుకోవచ్చు. ఆ డ్రైవర్లకు దారీ తెలుసు, వాగు ఎప్పుడు పొంగుతుందో కూడా తెలుసు. బావ ఇంకా అలిగే ఉన్నాడు. అత్తగారు గుప్తేశ్వరం తీసుకెళ్లమంటే నేనూ పాత హ్యాచ్‌బ్యాకే తీస్తాను. ఆ దారికి అది చాలు, వెనక సీటూ మెత్తన.