జెడ్88లో ఓజెడ్: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

కేంబ్రిడ్జ్ జెడ్88 నా చేతికి వచ్చి తొమ్మిదేళ్లు దాటింది. మొదటి రెండేళ్లు దానితో పాటు వచ్చిన పాత రోమ్‌తోనే (ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే చిప్) నడిపాను. మిగతా ఏడేళ్లుగా వాడుకరులే కలిసి పెంచుకుంటూ వస్తున్న ఓజెడ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడుపుతున్నాను. యంత్రం అదే, కీబోర్డు అదే. కానీ అప్పుడు ఒక పేజీ రాస్తే అది రేపటికి ఉంటుందో లేదో అని టెన్షన్ ఉండేది. ఇప్పుడు లేదు. ఆ తేడా ఎలా వచ్చిందో చెబుదామనే ఈ సమీక్ష.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1987లో సర్ క్లైవ్ సింక్లెయిర్ తెచ్చిన పోర్టబుల్ కంప్యూటర్ ఇది. ఏ4 కాగితమంత ఉంటుంది, బరువు కిలో లోపే. నాలుగు ఏఏ బ్యాటరీలు వేస్తే ఇరవై గంటల వరకు పనిచేస్తుంది. లోపల 3.2768 మెగాహెర్ట్జ్ జెడ్80 ప్రాసెసర్, 32 కేబీ రామ్, 128 కేబీ రోమ్. తెర మీద కనిపించేది ఎనిమిది వరుసలే. కీబోర్డు రబ్బరుది, చప్పుడు చేయదు. రెండు షిఫ్ట్ కీలు కలిపి నొక్కితే చాలు, నిన్న ఏ మాట మధ్యలో ఆపామో అక్కడే తెరుచుకుంటుంది. ఈ ఒక్క సుఖం కోసమే దీన్ని వదల్లేకపోతున్నాను. లాటిన్ అక్షరాలు తప్ప వేరే లిపి రాదు కాబట్టి ఇంగ్లీష్ రాతలకు, నోట్సుకు, చిన్న చిన్న బేసిక్ ప్రోగ్రాములకు వాడతాను.

పాత రోమ్‌తో నా కష్టమంతా దాచుకోవడం దగ్గరే. ఫైళ్లన్నీ రామ్‌లో ఉంటాయి. బ్యాటరీ కరెంటు ఆగిపోతే అవీ పోతాయి. శాశ్వతంగా దాచుకోవాలంటే ఈప్రామ్ కార్డు. అందులో ఒకసారి రాసింది తుడవాలంటే కార్డు బయటికి తీసి అతినీలలోహిత దీపం కింద పెట్టాలి. ఫైలు సవరించి మళ్లీ దాచిన ప్రతిసారీ కొత్త ప్రతి చేరుతుంది, పాతది చెల్లనిదిగా మిగిలిపోయి చోటు తింటుంది. మూడు వారాలు ఒక పెద్ద వ్యాసం రాస్తూ, కార్డు చోటు మిగుల్చుకోవాలని రామ్‌లోనే ఉంచాను. ఒక రోజు రామ్ కార్డు కాంటాక్టులు సరిగా అంటుకోలేదు. తెర మీద ఫెయిల్ అని వచ్చింది. హార్డ్ రీసెట్ తప్ప దారి లేదు. అలా చేస్తే రామ్ మొత్తం ఖాళీ. వ్యాసం పోయింది. మళ్లీ రాశాను కానీ మొదటిసారి కుదిరిన వాక్యాలు తిరిగి రాలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కొత్త ఓజెడ్ వైపు వెళ్లింది ఆ తర్వాతే. దీని వెనుక జరిగిన పని చూస్తే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది. పాత రోమ్‌లోని మెషీన్ కోడ్‌ను విడదీసి, ఏ రొటీన్ ఏం చేస్తుందో అర్థం చేసుకుని, పేర్లు పెట్టి, మళ్లీ చదవదగ్గ జెడ్80 అసెంబ్లీ సోర్సుగా మలిచారు. ఆ సోర్సు ఇప్పుడు జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఎవరికైనా అందుబాటులో ఉంది. దాన్ని మళ్లీ మెషీన్ కోడ్‌గా మార్చడానికి ఎంపీఎమ్ అనే సొంత అసెంబ్లర్, పరీక్షించడానికి పెద్ద కంప్యూటర్‌లో జెడ్88ను అనుకరించే ఓజెడ్‌వీఎమ్ అనే ఎమ్యులేటర్, అందులోనే తప్పులు వెతికే డీబగ్గర్, అన్నీ వాళ్లే తయారు చేసుకున్నారు. నేను ప్రోగ్రామర్‌ను కాను. అయినా రాత్రిపూట ఆ సోర్సు తెరిచి, జెడ్80 చూడగలిగే 64 కేబీలోకి 16 కేబీ బ్యాంకులను మార్చి మార్చి తెచ్చి, మొత్తం 4 ఎంబీని ఎలా నడుపుతున్నారో చదువుకున్నాను. పక్కన ఉన్న వ్యాఖ్యల వల్లే అర్థమైంది.

వాడకంలో నాకు అన్నిటికన్నా పెద్ద మార్పు ఫ్లాష్ కార్డు. దానికి కావలసిన మద్దతు ఇప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉంది. దీపం అక్కర్లేదు, కార్డు తీయనక్కర్లేదు, యంత్రంలో ఉండగానే తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. రోజూ సాయంత్రం ఆ రోజు రాతను ఫ్లాష్‌లోకి పంపి పడుకుంటాను. ఏడేళ్లలో ఒక్క ఫైలు కూడా పోలేదు. కార్డు కొనేవాళ్లు ఒకటి గమనించాలి. ఇంటెల్ చిప్ ఉన్న పాత కార్డులకు రాసేటప్పుడు 12 వోల్టులు కావాలి. అవి కార్డులు పెట్టే మూడు స్లాట్లలో మూడోదానిలోనే అందుతాయి. 5 వోల్టులతో రాసే ఏఎమ్‌డీ రకమైతే ఏ స్లాట్‌లోనైనా రాసుకోవచ్చు. ఇది తెలియక నా మొదటి కార్డు చెడిపోయిందనుకుని రెండు రోజులు తల పట్టుకున్నాను.

రెండోది ఈజీలింక్. సీరియల్ కేబుల్ తగిలించి పెద్ద కంప్యూటర్‌తో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే చిన్న అప్లికేషన్ ఇది. నెమ్మదే, కానీ పని తప్పదు. పని అయ్యాక మాత్రం కేబుల్ తీసేయండి. తగిలించి వదిలేస్తే బ్యాటరీలు త్వరగా అయిపోతాయి.

వాళ్లు ముట్టుకోనివాటి గురించి కూడా చెప్పాలి. ఇండెక్స్ కీ నొక్కితే ఒకవైపు అప్లికేషన్లు, మరోవైపు సగంలో ఆపిన పనులు కనిపించే పద్ధతి అలాగే ఉంది. డైమండ్ కీతో ఎఫ్, ఎస్ నొక్కి ఫైలు దాచే అలవాటు అలాగే ఉంది. కోల్టన్ సాఫ్ట్‌వేర్ వారి పైప్‌డ్రీమ్‌లో ఉత్తరం, లెక్కల పట్టిక ఒకే పేజీలో రాసుకునే తీరూ, రిచర్డ్ రస్సెల్ రాసిన బీబీసీ బేసిక్‌లో ప్రోగ్రాము మధ్యే అసెంబ్లీ రాసుకునే వీలూ ఎక్కడికీ పోలేదు. 1988లో ఈ యంత్రం వాడినవాళ్ల వేళ్లు ఇవాళ కూడా తడబడవు. నా దృష్టిలో ఈ సంయమనం ఫ్లాష్ మద్దతుకు తీసిపోదు.

ఇబ్బందులూ ఉన్నాయి. కొత్త వెర్షన్ వేసుకోవడానికి రోమ్‌అప్‌డేట్ అనే ప్రోగ్రాము ఉంది. చిప్‌లోకి రాసే ముందు ఫైళ్లు పాడవలేదని సరిచూసుకుంటుంది, మంచిదే. కానీ అప్‌డేట్ అంటే చివరికి హార్డ్ రీసెట్టే, రామ్‌లో ఏమీ మిగలదు. ముందుగా అన్నీ ఫ్లాష్‌లోకో ఈజీలింక్‌తో బయటికో తీసుకోవాలి. బ్యాటరీలు కూడా కొత్తవి వేసుకోవాలి, మధ్యలో ఆగితే చిక్కే. అందుకే నేను లోపలి చిప్ జోలికి పోకుండా స్లాట్ 1 కార్డు నుంచి నడుపుతాను. ఏదైనా తేడా వస్తే కార్డు తీసేస్తే పాత రోమ్ లేస్తుంది. మరో కొరత పుస్తకం. పాత మాన్యువల్‌లో కొత్త సదుపాయాలు ఉండవు, కొత్తవి విడుదల నోట్స్‌లో విడివిడిగా ఉంటాయి. రెండూ కలిపి చదువుకోవాల్సిందే. ఎవరైనా కూర్చుని ఒక్కచోట రాస్తే కొత్తగా వచ్చేవాళ్లకు పెద్ద మేలు.

ఇంకో మాట, 32 కేబీ రామ్‌తోనే సరిపెట్టుకుందామని చూడకండి. రెండు పత్రాలు తెరిచేసరికి చోటు లేదంటుంది. రామ్ పెంచే కార్డు ఒకటి, ఫ్లాష్ కార్డు ఒకటి ముందే సమకూర్చుకోండి. అవి వచ్చేలోగా ఎమ్యులేటర్‌లో ఓజెడ్ 4.7 నడిపి, రెండు వారాలు అందులో రాసి చూడండి. ఎనిమిది వరుసల్లో మీ ఆలోచన ఇమిడితే అసలు యంత్రం కోసం వెతకండి.