గ్రంథాలయమా, ఆవిష్కరణ సభా?

హనుమకొండలో కొత్త పుస్తకం కోసం వెతికే పాఠకుడికి రెండు దారులున్నాయి. ఒకటి గ్రంథాలయం. 1904లో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం ఈ ఊరిదే. బీరువా ముందు నిలబడితే, వెతుకుతున్న నవల పక్కనే ఎన్నడూ పేరు వినని కథల సంపుటి కంటపడుతుంది. నచ్చకపోతే నాలుగు పేజీలకే పక్కన పెట్టేయవచ్చు, ఎవరూ నొచ్చుకోరు.

రెండోది పుస్తకావిష్కరణ సభ. ఉపన్యాసాలు సాగుతాయి, నిజమే. కానీ సభ ముగిశాక, టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ రచయితను “ఆ పాత్రను ఎందుకు చంపేశారు?” అని నేరుగా అడగవచ్చు. ఆ జవాబు ఏ బీరువాలోనూ దొరకదు. పక్కనున్న పాఠకుడు మీతో విభేదిస్తాడు, వాదిస్తాడు, వెళ్తూ వెళ్తూ మరో మంచి పుస్తకం పేరు చెబుతాడు. అందుకే నా మొగ్గు సభవైపే, ముఖ్యంగా ఆ రచయిత పాత పుస్తకం ఒక్కటైనా ముందే చదివి వెళ్లగలిగితే.