సెకండ్‌హ్యాండ్ మియాటా: కారు చూస్తే నడిపినవాడు తెలుస్తాడు

స్పోర్ట్స్ కారు కొన్నవాడి మీద జనం దగ్గర రెండు తీర్పులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. పాతికేళ్ళవాడైతే పొగరు, నలభై ఐదేళ్ళవాడైతే పోయిన వయసు మీద బెంగ. మాజ్డా మియాటా కొన్నవాడికి మూడోది కూడా తగులుతుంది: పోర్షే కొనే స్తోమత లేక దీంతో సరిపెట్టుకున్నాడని. దీన్ని ‘హెయిర్‌డ్రెసర్ల కారు’ అని వెక్కిరించడం ఇంగ్లండులోనూ అమెరికాలోనూ పాత అలవాటే. ఈ తీర్పులన్నీ రంగూ, తెరిచిన టాపూ చూసి పుట్టినవి. యజమాని గురించి కారు చెప్పే మాటలు వేరేచోట్ల రాసి ఉంటాయి: ముందు టైరు అంచున, డిక్కీలో బ్యాటరీ కింద రేకు మీద, సీట్ల వెనక వాననీరు దిగే కంతలో. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాడికి పనికొచ్చేవి ఇవే.

బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటోమొబైల్ జర్నలిస్టు 1979లో మాజ్డా పెద్దల చెవిన వేసిన ఆలోచన ఇది. పాత బ్రిటిష్ రోడ్‌స్టర్లలాంటి (టాప్ తెరుచుకునే రెండు సీట్ల కార్లు) చిన్న, తేలికైన కారు కావాలి, కానీ వాటిలా గ్యారేజీ నేల మీద ఆయిల్ కార్చకూడదు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో బయటికొచ్చింది. అప్పటి ధర 13,800 డాలర్లు. 2016 ఏప్రిల్‌కి పది లక్షల కార్లు తయారయ్యాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఇంతగా అమ్ముడైనది మరొకటి లేదు. ఇండియాలో మాజ్డా అమ్మకాలే లేవు కాబట్టి ఈ రివ్యూ అమెరికాలో ఉంటూ వారాంతపు కారు కోసం చూస్తున్నవాళ్ళకు.

అంకెలు చూసి కొనేవాడికి ఇది నచ్చదు. 2019 నుంచి వస్తున్న మోడల్‌కి 2 లీటర్ల ఇంజిన్, 181 హార్స్‌పవర్, టర్బో లేదు. సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన క్యామ్రీ, మన తెలుగువాళ్ళ డ్రైవ్‌వేలలో ఎక్కువగా కనబడే ఆ క్యామ్రీయే, ఆరు సిలిండర్ల వీ6 రకమైతే 60 మైళ్ళ వేగం అందుకోవడంలో దీనికి ఏమాత్రం తీసిపోదు. తేడా అంతా బరువులో. ఆ క్యామ్రీ సుమారు 1,600 కిలోలు, ఇది 1,060. గేరుబాక్సుని, ఇంజిన్ బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే డిఫరెన్షియల్‌ని ఒక అల్యూమినియం దూలంతో కలిపి బిగించారు. అందుకే యాక్సిలరేటర్ మీద కాలు కదిపితే వెనక చక్రాల దగ్గర జవాబు సాగదు, వెంటనే తగులుతుంది. మలుపులో బాడీ బాగా వాలుతుంది. కొత్తవాళ్ళు దీన్ని లోపమనుకుని గట్టి స్ప్రింగులు వేయిస్తారు. టైర్ల పట్టు ఇంకెంత మిగిలిందో చెప్పేది ఆ వాలే. దాన్ని చంపేస్తే గతుకుల రోడ్డు మీద నడుం నొప్పి మిగులుతుంది.

మాజ్డా ఈ కారుకి పెట్టుకున్న మంత్రం ‘జింబా ఇట్టాయ్’. అంటే గుర్రమూ రౌతూ ఒక్కటే అని. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందన్న మన సామెత దీనికింకా బాగా సరిపోతుంది. రెండు వేల ఆర్‌పీఎం దాటకుండా నడిపితే మియాటా అంటే చప్పుడెక్కువ, చోటు తక్కువ కారు, అంతే. నాలుగున్నర వేలు దాటించి, రెండో గేరు నుంచి మూడుకి మణికట్టు కదిలినంత దూరంలో మార్చినప్పుడు దీని ధరకు అర్థం దొరుకుతుంది. అలా నడిపే ఉద్దేశం లేనివాళ్ళు ఆటోమేటిక్ మియాటా కొనడం కన్నా మంచి సెడాన్ కొనుక్కోవడం మేలు.

తరాలు నాలుగు, ఒక్కోదానికి రెండక్షరాల పేరు. లేచే హెడ్‌లైట్లున్న ఎన్‌ఏ 1990 నుంచి 1997 మోడల్ దాకా. మొదట 1.6 లీటర్లు, 1994 నుంచి 1.8. ఎన్‌బీ 1999 నుంచి 2005 వరకు, వెనక అద్దం ప్లాస్టిక్ పోయి గాజు వచ్చింది. 2001 ఎన్‌బీ బ్రోషర్‌లో 155 హార్స్‌పవర్ అని వేసి, అసలు 142 అని తేలాక కార్లు తిరిగి కొంటామని మాజ్డాయే ముందుకొచ్చింది. ఆ బ్రోషర్ పట్టుకుని ఇప్పటికీ 155 అని రాసే అమ్మకందార్లున్నారు, నమ్మకండి. ఎన్‌సీ 2006 నుంచి 2015 దాకా, కాస్త లావు, కాస్త సౌఖ్యం, మనుషుల చిన్నచూపు వల్ల కాస్త చవక. ఎన్‌డీ 2016 నుంచి. ఇందులో 2019 నుంచి వచ్చినది తీసుకోవడమే మంచిది. ఇంజిన్ 7,500 వరకు తిరుగుతుంది, స్టీరింగ్‌ని ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. 2016లో వచ్చిన ఎన్‌డీ గేరుబాక్సులు కొన్ని పళ్ళు పోగొట్టుకున్నాయి. మాజ్డా వాటిని ఒకటికి రెండుసార్లు సవరించింది. అలాంటి కారైతే గేరుబాక్సు మార్చిన కాగితం అడగాలి.

ఇక కారు దగ్గరికి. ఇంజిన్ ముందుగా వేడి చేసి ఉంచొద్దని అమ్మేవాడికి ఫోన్‌లోనే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే చల్లటి ఇంజిన్ చేసే చప్పుడేదో దాస్తున్నాడన్నమాట. ఎన్‌ఏలో ఆ చప్పుడు సాధారణంగా పైన వినబడే టకటక, ఆయిల్ పీడనంతో వాల్వుల సందు సర్దే హైడ్రాలిక్ లిఫ్టర్లది. నాలుగైదు నిమిషాల్లో తగ్గిపోతే ప్రాణాంతకం కాదు. ఎంతకీ తగ్గకపోతే ఆయిల్ మార్పులు ఎగ్గొట్టిన చరిత్ర ఉందని. 1999 నుంచి వచ్చినవాటిలో ఆ లిఫ్టర్లు లేవు కాబట్టి అక్కడ టకటకని ఈ లెక్కలో వేసి సర్దుకోకూడదు.

1990 కార్లలోనూ, 1991 తొలి నెలల కార్లలోనూ క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముక్కు పొట్టిది. క్రాంక్ పుల్లీ ముఖం మీద గాళ్ళు లెక్కపెట్టండి: నాలుగైతే పొట్టి ముక్కు, ఎనిమిదైతే పొడుగుది. వాల్వులు తెరుచుకునే వేళను క్రాంక్‌తో జతపరిచే టైమింగ్ బెల్టుని మార్చేటప్పుడు పుల్లీ బోల్టుని సరైన టార్క్‌కి, అంటే సరైన బిగింపు బలానికి, బిగించకపోతే పుల్లీ ఊగుతుంది, కీ కూర్చునే గాడి అరుగుతుంది, టైమింగ్ మెల్లగా జారిపోతుంది. బండి నడుస్తుంది గానీ బలం తగ్గుతుంది, ఐడిల్‌లో వణుకుతుంది. కొన్ని కార్లలో ఈ ముక్కు ఇప్పటికీ నిక్షేపంగా ఉందంటే బెల్టు మార్చిన ప్రతి మెకానిక్కూ టార్క్ రెంచ్ వాడాడని అర్థం. ఆ బెల్టుకి గడువు 60,000 మైళ్ళు. ఎన్‌ఏలో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు. బండి రోడ్డు పక్కన ఆగుతుంది, అంతవరకే. ఎన్‌సీ నుంచి బెల్టు బదులు చెయిన్.

ఇంజిన్ వెనక భాగంలో, ఫైర్‌వాల్ వైపు, ఆయిల్ కారుతుంటే చాలామంది మెకానిక్కులు రియర్ మెయిన్ సీల్ (క్రాంక్‌షాఫ్ట్ వెనక కొసన ఆయిల్‌ని ఆపే రింగు) పోయిందంటారు. అది మార్చాలంటే గేరుబాక్సు దించాలి, బిల్లు పెద్దది. ఎన్‌ఏలో అదే మూల పైన క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దాని ఓ-రింగ్ గట్టిపడి ఆయిల్ ఒలికి, గేరుబాక్సు ముందున్న బెల్‌హౌసింగ్ మీదుగా జారి, అచ్చం సీల్ పోయినట్టే కనబడుతుంది. రబ్బరు రింగు ఖరీదు కాఫీ ఖరీదంత. ముందు అది మార్చి, శుభ్రంగా తుడిచి, వారం చూసి, తర్వాత మిగతా మాట.

రేడియేటర్ పై ట్యాంకు ప్లాస్టిక్‌ది, కొత్తలో నల్లగా ఉంటుంది. ముదిరేకొద్దీ గోధుమ రంగులోకి, ఆకుపచ్చ మట్టి రంగులోకి దిగుతుంది. ఆ రంగు వచ్చిందంటే పగలడానికి సిద్ధమైందని. రంగు మారినా మార్చకుండా తిప్పినవాడు మిగతా రబ్బరు గొట్టాలు కూడా ముట్టుకుని ఉండడు. క్లచ్ పెడల్‌ని మెల్లగా నొక్కి పట్టి చూడండి. కిందికి జారిపోతున్నా, గేరు పడటానికి మొండికేస్తున్నా, క్లచ్‌ని కదిపే కింది సిలిండర్, అంటే స్లేవ్ సిలిండర్ సీల్ పోయింది. ఎన్‌ఏ, ఎన్‌బీల్లో ఇది మామూలు రోగం. స్లేవ్‌ని ఒక్కదాన్నే మార్చితే కొత్త పీడనానికి కొన్నాళ్ళలో పైనున్న మాస్టర్ సిలిండర్ పోతుంది, అందుకని రెండూ కలిపి మార్చాలి. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కాస్త గింజుకోవడం మాత్రం ఈ ఐదు గేర్ల బాక్సు స్వభావం. వేడెక్కాక కూడా గీరుతుంటే రెండు లీటర్ల 75డబ్ల్యూ-90, జీఎల్-4 రకం ఆయిల్‌తో మార్చి చూడాలి. అప్పటికీ పోకపోతే గేర్ల వేగాలు కలిపే రింగు, సింక్రో, అరిగింది.

డిక్కీ తెరవండి. పాత మియాటాల్లో బ్యాటరీ ఇక్కడుంటుంది. కంపెనీ ఇచ్చింది సీలు వేసిన ఏజీఎమ్ రకం, ఆవిరి బయటికి పోవడానికి సన్నటి గొట్టాలతో. అవి ఖరీదని మామూలు బ్యాటరీ పెట్టి గొట్టాలు వదిలేస్తే యాసిడ్ ఆవిరి కింద రేకుని తినేస్తుంది. కార్పెట్ ఎత్తి చూస్తే పొక్కులు లేచిన పెయింటు కనబడుతుంది. వంద డాలర్లు మిగుల్చుకుని డిక్కీ నేల పోగొట్టుకున్న మనిషి ఆయన. కిందికి వంగి పొడుగు ఫ్రేమ్ రెయిల్స్ చూడండి. నలిగి చదునైపోతే జాక్ ఎక్కడ పెట్టాలో తెలియని చేతుల్లో నడిచింది. పెట్టాల్సింది ముందు క్రాస్‌మెంబర్ (అడ్డ దూలం) కింద, వెనక డిఫరెన్షియల్ కింద.

టైర్లు ఎక్కువ చెబుతాయి. ముందు టైర్ల బయటి అంచు మాత్రమే అరిగి ఉంటే మలుపుల్లో గట్టిగా తోసినవాడు, బహుశా ఆటోక్రాస్‌కి (కోన్‌ల మధ్య గడియారంతో పోటీపడే ఆట) వెళ్ళేవాడు. దీనికి భయపడాల్సింది లేదు. ఆటోక్రాస్ వాళ్ళు ఆయిలూ బ్రేకులూ చాలామంది రోజువారీ డ్రైవర్ల కన్నా ముందే మారుస్తారు. లోపలి అంచు అరిగితే కారు ఎత్తు తగ్గించి, ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయించలేదు. మధ్య చార అరిగితే గాలి ఎక్కువ కొట్టాడు. పెద్ద కార్ల అలవాటుతో 35 పీఎస్‌ఐ పోయిస్తారు గానీ ఎన్‌ఏకి కంపెనీ చెప్పింది 26, ఎన్‌డీకి 29. నాలుగు టైర్లూ నాలుగు బ్రాండ్లవైతే మర్యాదగా సెలవు తీసుకోండి. టైరు మీద లెక్క చూసుకున్నవాడు టైమింగ్ బెల్టు మీద చూసుకోకుండా ఉంటాడా?

మార్పులు చేసిన కార్లలో పైన పటారం లోన లొటారం సంగతులు ఎక్కువ. పెద్ద చక్రాలు, మెరిసే ఎగ్జాస్టు, ఎర్రటి సీట్లు, బానెట్ కింద తొమ్మిదేళ్ళ కూలెంట్. తొలి 1.6 కార్లకు టర్బో తగిలించి ఉంటే ఇంకో చిక్కు. వాటి డిఫరెన్షియల్ చిన్నది, అదనపు బలానికి విరుగుతుంది. 1.8 డిఫరెన్షియల్ పెట్టించానంటే రసీదు చూపించమనండి. రోల్ బార్ (సీట్ల వెనక బిగించే ఇనుప కమ్మీ) ఉన్న కారు మాత్రం మంచి గుర్తే, ట్రాక్ వాళ్ళ నిబంధన కోసం పెట్టించుకుంటారు. ఎన్‌ఏ, ఎన్‌బీల్లో బోల్తా పడితే తలను కాచేది వేరే ఏమీ లేదు. బార్ పై అంచు నుంచి విండ్‌షీల్డ్ పై అంచుకి ఒక కర్ర ఆనించి, హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటే తల దాని కింద ఉండాలి. బార్‌కి గట్టి ఫోమ్ తొడుగు లేకపోతే హెల్మెట్ లేకుండా రోజూ నడపకండి, వెనకనుంచి చిన్న గుద్దుకే తల ఇనుముకి తగులుతుంది.

సంసారానికి ఇది రెండో కారే. ఎన్‌డీ డిక్కీ 130 లీటర్లు. ఇండియన్ స్టోర్ నుంచి 20 పౌండ్ల సోనామసూరి సంచీ, కూరగాయలు హాయిగా పడతాయి. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఎయిర్‌పోర్టుకి వేరే బండి చూసుకోవాలి, 23 కిలోల పెట్టె ఒక్కటి కూడా ఆ మూత లోంచి దూరదు. సాఫ్ట్ టాప్ మీద హైవేలో 70 మైళ్ళ వేగంతో పోతూ ఫోన్ మాట్లాడితే అవతలివాళ్ళు మళ్ళీ చెప్పమంటారు. ఆరడుగులు దాటినవాళ్ళు ఫొటోలు చూసి కొనకుండా, టాప్ మూసి, మోకాలు స్టీరింగ్‌కి తగలకుండా క్లచ్ పూర్తిగా నొక్కగలరో లేదో కూర్చుని చూసుకోవాలి. ఎన్‌ఏలో టాప్ దించే ముందు ప్లాస్టిక్ కిటికీ జిప్పు విప్పాలి. విప్పకుండా మడిస్తే, అందులోనూ చలికాలంలో, గీతపడి పగులుతుంది. కిటికీకి నిలువు పగులు ఉంటే యజమాని తొందర మనిషని రాసుకోండి.

చివరిది తుప్పు. సాఫ్ట్ టాప్ మీద పడ్డ వాననీరు సీట్ల వెనక రెండు మూలల్లోని కంతల్లోకి దిగి, వెనక చక్రాల ముందు నేల మీద పడాలి. ఆకులు, దుమ్ము పేరుకుని ఆ కంతలు మూసుకుపోతే నీరు తలుపుల కింది సిల్స్‌లోకి చేరి లోపల్నుంచి కొరుకుతుంది. పెయింటు ఉబ్బి బయటికి కనబడేసరికి లోపల రేకు మిగలదు. లీటరు సీసాతో నీళ్ళు తీసుకెళ్ళి, టాప్ సగం ఎత్తి, ఒక్కో కంతలో మెల్లగా పోయండి. కింద ధారగా పడాలి. పడకపోయినా, కారు లోపల కార్పెట్ తడిసినా కంత మూసుకుంది. ఇది ఫోన్‌లో కూడా అడగొచ్చు: ‘టాప్ డ్రెయిన్లు ఆఖరిసారి ఎప్పుడు శుభ్రం చేశారు?’ ఫలానా నెలలో, ఫలానా తీగతో అని జవాబొస్తే రెండు వందల మైళ్ళు దూరమైనా వెళ్ళి చూడండి. ‘అక్కడ డ్రెయిన్లుంటాయా?’ అంటే నీళ్ళ సీసాతో పాటు చిన్న అయస్కాంతం కూడా జేబులో వేసుకుని వెళ్ళండి. వెనక చక్రం ముందు సిల్ మీద అది అంటుకోకుండా జారితే లోపలున్నది రేకు కాదు, పుట్టీ.