అశోక్ నగర్ రీడింగ్ రూమ్‌ల ఏడాదిన్నర, నా రివ్యూ

హైదరాబాద్ అశోక్ నగర్‌ల సర్కారు కొలువుల పరీక్షలకి చదువుకోనీకి పెయిడ్ రీడింగ్ రూమ్, అంటే నెలకింత కట్టి కూర్చొని చదువుకునే హాల్, తీసుకోవాలా వద్దా అని ఊర్లనుంచి వచ్చే తమ్ముళ్లు చాలామంది అడుగుతున్నరు కాబట్టి వివరంగ రాస్తున్న. నేనుండేది ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దిక్కునుంచి లోపలికొచ్చే ఒక సందుల, మూడో అంతస్తు. పేరు రాస్తలేను, ఆ లైన్ల ఉన్నవన్నీ ఇంచుమించు ఒక్కలాగనే ఉంటయి.

ఏసీ హాల్ నెలకి 1,300, లాకర్ కావాలంటే ఇంకో 100. చెక్క క్యాబిన్, చిన్న ఎల్ఈడీ లైటు, ప్లగ్ పాయింట్, వైఫై, బబుల్ నీళ్లు ఇస్తరు. నా క్యాబిన్ల నాకన్నా ముందు కూర్చున్నాయన ఎవరో రాజ్యాంగంల ప్రాథమిక హక్కుల ఆర్టికల్ 12 నుంచి 35 దాక పెన్సిల్‌తోని చెక్క మీద రాసి పెట్టిండు, నేను ఇప్పటిదాక తుడవలే.

అంతకుముందు రూమ్‌ల నలుగురం ఉండేటోళ్లం. రాత్రి కూర్చొని రేపట్నుంచి పది గంటలు అని టైంటేబుల్ గీసుకునుడు, మూడో రోజుకి దాని మొఖం చూడబుద్ధి కాకపోవుడు, మళ్లీ ఇంకో మోటివేషన్ వీడియో చూసుడు, ఆ ఊపు రెండు గంటలు ఉంటది తెల్లారితే మళ్లీ అదే కథ. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి కూడా పోయిన, అది నిజంగ మనసున్న జాగ, ఫ్రీగ పేపర్లు పుస్తకాలు అన్నీ దొరుకుతయి, పక్కన ఐదు రూపాయల భోజనం తిని రోజంతా చదువుకునేటోళ్లు ఎంతమందో. కానీ సీటు కావాలంటే తెరవకముందే పోయి నిలబడాలె, దొరకని రోజు నా చదువు బంద్ అయ్యేది, ఒక్క రోజు బంద్ అయితే నాకు వారం పోయేది.

ఇక్కడ నాకు పనికొచ్చింది ఏసీ కాదు, రిజిస్టర్. లోపలికి పోంగనే టైం రాసి సంతకం పెట్టాలె. మూడు రోజులు సంతకం లేకపోతే నడిపే అన్న ఫోన్ చేస్తడు, "ఏం తమ్ముడు, ఊరికి పోయినవా, పాణం బాగలేదా" అని అడుగుతడు అంతే, ఇంకో మాట అనడు. మా ఇంట్ల తప్ప నేను చదువుతున్ననా లేదా అని అడిగే మనిషి ఈ పట్నంల ఆయనొక్కడే.

ఇంకొకటి పక్క సీటు అక్క. ఆమెకి స్కూల్‌కి పోయే బాబు ఉన్నడు, పొద్దున తొమ్మిదిన్నరకి వచ్చి మూడున్నరకల్లా లేస్తది. 200 పేజీల నోట్‌బుక్‌ల చెక్కుల డబ్బాలు గీసుకొని ఆ రోజు ఎన్ని బిట్లు (ఆబ్జెక్టివ్ ప్రశ్నలు) చేసిందో ఒక్కో డబ్బాల రాస్తది. ఒకసారి చూపించింది, 60, 75, 40, మధ్యల ఒక వారం అంతా 10, 10, 10. బాబుకి జ్వరమొచ్చినప్పుడట. "పది చేయనీకి ఇరవై నిమిషాలు చాలు తమ్ముడు, డబ్బా మాత్రం ఖాళీ ఉంచను" అన్నది. అదే రోజు నేను కూడా గీసుకున్న.

తెలంగాణ సర్కారు కొలువుల గ్రూప్-2 పరీక్ష సంగతి తెలుసు కదా, 2022 డిసెంబర్ల 783 పోస్టులకి నోటిఫికేషన్ వస్తే పరీక్ష జరిగింది 2024 డిసెంబర్ల, నాలుగు పేపర్లు 600 మార్కులు, మధ్యల ఎన్నిసార్లు వాయిదా. 2024 ఆగస్టుది కూడా వాయిదా అని తెలిసిన తెల్లారి మా హాల్ సగం ఖాళీ. వాయిదా పడాలని కోరుకున్నోళ్లల్ల నేను కూడా ఉన్న, తీరా పడ్డంక మాత్రం పుస్తకం ముట్టబుద్ధి కాలే. అక్క మామూలుగనే తొమ్మిదిన్నరకి వచ్చి ఎకానమీ తీసింది. ఆ రోజు నా డబ్బాల 12 ఉన్నది, ఇప్పటికీ ఆ పేజీ చూస్తే ధైర్యమొస్తది.

లోపాలు కూడా చెప్పాలె. ఫ్లోర్ మొత్తానికి ఒకటే వాష్‌రూమ్, ఆడపిల్లలకి చానా ఇబ్బంది, ఇది ఎన్నిసార్లు చెప్పినా మార్చలే. ఎండాకాలం మధ్యాహ్నం రెండు గంటలు ఏసీ బంద్ పెడతరు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద లైట్లు మాత్రమే నడుస్తయి. 500 అడ్వాన్స్ ఖాళీ చేసేటప్పుడు ఇస్తమన్నరు, మా రూమ్మేట్‌కి మాత్రం ఇయ్యలే, అందుకే ముందే రసీదు రాయించుకోండి.

నాకు గ్రూప్-2ల ర్యాంకు దూరంగనే వచ్చింది, ఇంకా అదే సీట్ల ఉన్న. రూమ్‌ల ఒక్కడే కూర్చొని రోజూ చదవగలిగేటోళ్లకి ఈ 1,300 అవసరం లేదు, అవి టెస్ట్ సిరీస్‌కి పెట్టుకోండి. నాలెక్క రెండు రోజులు చదివి నాలుగు రోజులు ఆగిపోయేటోళ్లు అయితే తీసుకోండి, కానీ ఆరు నెలలది ఒకేసారి కట్టకండి, ఒక్క నెల కట్టి చూడండి. కిటికీ పక్క వరుస అడగండి, ఏసీ కింద సీటైతే మధ్యాహ్నం నిద్ర ఆగదు.