ఆటోనగర్ లేత్ షాపులో చేయించిన బ్యాటరీ టెస్ట్ సెల్లు: ఎనిమిది నెలలు వాడాక

జింక్ అయాన్ బ్యాటరీల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇది రెండో ఏడు. విశాఖలో ఈ పనిలో ఉన్నవాళ్ళకీ, చేరబోయేవాళ్ళకీ అక్కరకొస్తుందని రాస్తున్నాను.

లిథియం సెల్లు కట్టాలంటే గ్లవ్ బాక్సు (చెమ్మ చొరబడని మూసిన పెట్టె, దాని తొడుగుల్లో చేతులు పెట్టి పని చేస్తాం) కావాలి. ఎలక్ట్రొలైట్‌లోని లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌కి చెమ్మ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది, మన ఊరి గాలి సంగతి తెలిసిందే. జింక్‌కి ఆ బెడద లేదు. నేను వాడేది నీళ్ళలో కలిపిన 2 మోలార్ జింక్ సల్ఫేట్, 0.1 మోలార్ మాంగనీస్ సల్ఫేట్. బల్ల మీదే కట్టేసుకోవచ్చు.

నా ఇబ్బంది వేరే. 2032 కాయిన్ సెల్లు (బిళ్ళలాంటి చిన్న బ్యాటరీ) ఒకసారి ప్రెస్ చేశాక కోసి తీయాల్సిందే, ఆ కోతలో జింక్ రేకు నలిగిపోతుంది. దాని మీద మొలిచిన డెండ్రైట్లనే (ముళ్ళలాంటి జింక్ మొలకల్నే) కదా నేను చూడాల్సింది! మర విప్పి తీయగలిగే సెల్లు కావాలి. బయటి నుంచి తెప్పిద్దామంటే ఒక్కోదానికి నాకొచ్చిన కొటేషన్ నెల ఫెలోషిప్‌లో సగం.

డ్రాయింగ్ పట్టుకుని, ఆటోనగర్ ఉన్న గాజువాకకి బస్సెక్కాను. టెఫ్లాన్ గొట్టం, 12 మిల్లీమీటర్ల కన్నం, రెండు వైపులా స్టీలు రాడ్లు, ఓ-రింగులు, నట్లు. మేస్త్రి కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇదేటికమ్మా, పంపుకా?" అన్నారు. "బ్యాటరీకి బాబాయ్" అన్నాను. "లోపలేటి పోస్తావు?" జింక్ సల్ఫేట్ అనగానే 304 రకం స్టీలు రాడ్డు పక్కన పెట్టి 316 రకం తీశారు. అందులో మాలిబ్డినం ఉంటుంది, తుప్పుకి ఎక్కువ ఆగుతుంది. (పాజిటివ్ వైపు 1.8 వోల్టుల దాకా వెళ్తాను కాబట్టి మధ్యలో టైటానియం రేకు నేనే పెట్టుకుంటున్నాను.)

మొదటి సెల్లు కుర్రాడు చేశాడు. ఇంటికి తెచ్చేసరికి రాడ్డు బిగుసుకుపోయింది. వెనక్కి తీసుకెళ్తే మేస్త్రి వెంటనే పట్టేశారు: "వేడి మీద కొలిసేడమ్మా. సల్లారేక కన్నం తగ్గిపోద్ది." టెఫ్లాన్ వేడికి స్టీలు కంటే ఎన్నో రెట్లు వ్యాకోచిస్తుంది. రెండోది తనే చేశారు. కోత కోయడం, టీ తాగి రావడం, అప్పుడు కొలవడం. పైసా తీసుకోలేదు.

నాలుగు చేయించాను, ఒక్కోటి 1,600 రూపాయలు. మూడు సెల్లు 300 సైకిళ్ళు (ఒకసారి ఛార్జ్, డిశ్చార్జ్ చేస్తే ఒక సైకిల్) దాటినా మూతి దగ్గర తెల్లటి ఉప్పు పేరుకోలేదు, అంటే కారలేదు. నాలుగోదానికి మర అరిగింది. ఒక జాగ్రత్త: నట్టు ఒత్తిడికి టెఫ్లాన్ మెల్లగా జరుగుతుంది. సాయంత్రం కట్టి, పొద్దున్న మరోసారి బిగించాకే సైక్లింగ్ మొదలుపెట్టండి.

చేతి బిల్లే ఇస్తారు, జీఎస్టీ బిల్లు లేదు. గ్రాంటులో పెట్టలేక సొంత డబ్బే కట్టుకున్నాను, అది నిజంగా బాధనిపించింది. చెప్పిన రోజుకి పనవ్వదు, రెండు శనివారాలు ఎక్కువ వేసుకోండి. కొలతలన్నీ మిల్లీమీటర్లలో రాసివ్వండి.

రిఫరెన్స్ ఎలక్ట్రోడు (వోల్టేజీ పోల్చి కొలవడానికి పెట్టే మూడో ఎలక్ట్రోడు) దూరేలా పక్కన కన్నం ఉన్న సెల్లుకి మొన్ననే డ్రాయింగ్ ఇచ్చొచ్చాను.