తీర పట్టణానికి ఏడు రోజుల వాతావరణ సూచన: ఒక యాప్‌ను కొన్ని వారాలు పరిశీలించాక

ఉష్ణమండలంలో సముద్రపు ఒడ్డున ఉన్న పట్టణానికి ఏడు రోజుల వాతావరణ సూచన ఇచ్చే ఒక ఫోన్ యాప్‌ను కొన్ని వారాలుగా ఉదయం, సాయంత్రం చూస్తూ, అది చెప్పినదాన్నీ ఆకాశంలో జరిగినదాన్నీ పక్కపక్కనే రాసుకుంటూ వచ్చాను. దాని పేరు రాయడం లేదు. ఇలాంటి యాప్‌లలో చాలావాటి అమరిక దాదాపు ఒకటే కాబట్టి, నేను గమనించిన గుణదోషాలు వేరే యాప్ వాడేవారికీ పనికివస్తాయి.

తెరవగానే కనిపించేది ఏడు బొమ్మల వరుస. నేను చూసిన మొదటి వారం ఏడింటిలోనూ ఒకే బొమ్మ ఉంది: నల్లమబ్బు, దాని కింద మెరుపు, రెండు మూడు చినుకులు. పక్కనే 60 శాతం అనో 70 శాతం అనో అంకె. ఆ వరుస చూసినవారెవరైనా వారమంతా ముసురు పట్టి ఉంటుందనే అనుకుని ప్రయాణాలు మానుకుంటారు. తీరా ఆ వారంలో చాలా రోజులు మధ్యాహ్నం దాకా ఎండ కాసింది; సాయంత్రం ఉరుములతో ఒక జల్లు దంచికొట్టి, గంట తిరగకముందే తెరిపిచ్చింది. రెండు రోజులైతే ఒక్క చినుకూ పడలేదు. అయినా సూచన తప్పిందని నేను అనను. వాన శాతం అంటే ఆ వ్యవధిలో ఆ చోట కొలవదగినంత వాన, అంటే సుమారు పావు మిల్లీమీటరైనా పడే అవకాశం ఎంత అన్నదే. ఎంతసేపు కురుస్తుందో, ఎంత గట్టిగా కురుస్తుందో ఆ అంకెలో లేదు. లోపం లెక్కలో లేదు, 24 గంటల్లో ఎప్పుడో ఒకప్పుడు పడబోయే జల్లును రోజంతటికీ ముఖచిత్రంగా నిలబెట్టిన ఆ బొమ్మలో ఉంది.

అందుకే మొదటి పేజీని దాటి గంటగంటకూ వివరాలిచ్చే పేజీకి వెళ్ళమని గట్టిగా చెబుతాను. ఈ యాప్‌లో నిజంగా మెచ్చుకోవలసినది ఆ పేజీయే. తీరంలో రోజు నడకను నిర్ణయించేది సముద్రపు గాలి. పొద్దెక్కేకొద్దీ నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది, నేల మీది గాలి తేలికపడి పైకి లేస్తుంది, ఆ చోటులోకి సముద్రం మీది తేమగాలి చొచ్చుకువస్తుంది. ఆ గాలి ముందంచు ఎక్కడ పైకి ఎగదోస్తుందో అక్కడ మబ్బులు గోపురాల్లా పెరుగుతాయి. రాత్రి నేల చల్లబడగానే వ్యవహారం తలకిందులై, గాలి నేల మీంచి సముద్రం వైపు మళ్ళుతుంది. చాలా తీరాల్లో తెల్లవారుజామున ఉరుములు నీటి మీద వినిపించడానికి ఒక కారణం ఇదే. గంటల పేజీలో గాలి దిశను చూపే చిన్న బాణం ఉంటుంది. ఒక రోజు అది పదకొండు గంటలకు తిరుగుతుందని చూసి డాబా మీద నిలబడ్డాను. పదకొండు దాటి పావుగంట కాకముందే తీగ మీద ఆరేసిన బట్టలు ఒక పక్క నుంచి రెండో పక్కకు ఊగాయి, ఉక్కపోత కొంత తగ్గింది. ఆ ఒక్క బాణం చెప్పినంత సమాచారం పైనున్న ఏడు బొమ్మలూ కలిసి చెప్పలేదు.

ఉష్ణోగ్రత విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. కొన్ని రోజులు ఈ యాప్ పగటి గరిష్ఠం 29, రాత్రి కనిష్ఠం 27 అని చూపింది. నీడలో పెట్టిన నా థర్మామీటర్ అదే మధ్యాహ్నం 33 చూపింది. ప్రపంచమంతటికీ సూచన లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలు భూమిని గళ్ళుగా విడదీస్తాయి. యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ కేంద్రం నమూనాలో గడి వెడల్పు సుమారు 9 కిలోమీటర్లు, అమెరికా వారి నమూనాలో సుమారు 13. తీర పట్టణం పడిన గడిలో సగానికిపైగా సముద్రమే ఉంటే, రాత్రికీ పగలుకీ పెద్దగా తేడా లేని నీటి స్వభావం సూచనలోకి వచ్చేస్తుంది. పగటికీ రాత్రికీ తేడా రెండు మూడు డిగ్రీలే చూపిస్తుంటే, మీ యాప్ మీ వీధిని కాక సముద్రాన్ని చూస్తోందని అనుమానించవచ్చు. పట్టణంలోనే కాస్త లోపలికున్న చోటును ఎంచుకుంటే నాకు అంకెలు బాగా సరిపోయాయి.

వట్టి ఉష్ణోగ్రతకంటే ‘ఒంటికి తెలిసే వేడి’ అన్న అంకె విలువైనది. 32 డిగ్రీల వేడికి 70 శాతం తేమ తోడైతే ఒంటికి 41 డిగ్రీల్లా ఉంటుంది, అదీ నీడలో. నేరుగా ఎండలో ఉంటే మరో ఎనిమిది డిగ్రీల దాకా పెరగవచ్చు. ఆరుబయట పనిచేసేవారికి ఇది ప్రాణం మీది సంగతి. అటువంటి అంకెను మూడో పేజీ అడుగున దాచడం నాకు బాధ కలిగించింది.

అలల పేజీ బాగుంది, కానీ ఒక్క మాట లోపించింది. ‘అలలు 1.5 మీటర్లు’ అని రాసినప్పుడు దాన్ని అత్యధిక ఎత్తుగా భావించకూడదు. అది వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు మాత్రమే, విడిగా ఏదో ఒక అల అందుకు రెట్టింపు లేవవచ్చు. పిల్లలతో ఒడ్డుకు వెళ్ళేవారికీ, చిన్న పడవలవారికీ ఆ తేడా తెలియాలి. ఆ వివరణ కోసం యాప్ అంతా వెతికినా నాకు దొరకలేదు.

ఇక నాలుగో రోజు తరువాతి సూచన. ఆరంభంలోని చిన్న తేడా పోనుపోను ఎంత పెద్దదవుతుందో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లోనే చూపారు. అందుకే పైన చెప్పిన యూరప్ కేంద్రం ఒకే లెక్కతో ఆగకుండా, ఆరంభాన్ని కొద్దికొద్దిగా మార్చి 51 లెక్కలు కడుతుంది. అవన్నీ దగ్గరదగ్గరగా ఉంటే నమ్మకం ఎక్కువ, చెదిరిపోతే తక్కువ. ఈ యాప్ ఆ చెదురును చూపదు. ఏడో రోజు కూడా ‘7.4 మి.మీ.’ అని దశాంశంతో సహా చెబుతుంది. ఒక్కో ఉరుము మబ్బు బతికేదే గంట లోపు, అలాంటప్పుడు వారం తరువాతి జల్లును పదో వంతు మిల్లీమీటరుకు కొలిచి చెప్పడం చదివేవారికి లేని భరోసా ఇవ్వడమే. ‘వారాంతంలో వానలు పెరిగే సూచనలున్నాయి’ అన్న ఒక్క వాక్యం చాలు. ఒకసారి ఏడో రోజు చోట భీకరమైన తుఫాను కనిపించింది, మర్నాడు ఉదయానికి మాయమైంది. తుఫాను సంగతి ఏ యాప్‌లో కనబడినా, అధికారిక వాతావరణ శాఖ హెచ్చరిక చూడకుండా దాన్ని నమ్మడమూ వద్దు, కొట్టిపారేయడమూ వద్దు.

ఐదింటికి మూడున్నర నక్షత్రాలు ఇస్తున్నాను. అవి గాలి, అలలు, మొదటి మూడు రోజుల గంటవారీ వివరాలకు. తగ్గించిన ఒకటిన్నరలో అర నక్షత్రం మాత్రం చిన్నదిగా కనిపించే ఒక లోపానికి: సూచనను చివరిసారి ఎప్పుడు తాజాపరిచారో తెర మీద ఎక్కడా లేదు. నమూనాలు రోజుకు నాలుగుసార్లు కొత్త లెక్కలు ఇస్తున్నప్పుడు, నేను ఉదయం చూస్తున్నది ఇవాళ్టిదో, నిన్న రాత్రిదో తెలియకపోతే, సాయంత్రం ఉరుము గురించి ఆ అంకె చెప్పేదాన్ని ఎంతవరకు పట్టించుకోవాలో నిర్ణయించుకోలేను.